ఎర్లీ డెసిషన్ సంతకం గురించి అమెరికా తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, విద్యా విభాగాల బాధ్యులకు నమస్కారములు.

ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన సంఘాలు కాలేజీ ప్రవేశాల మీద అవగాహన సదస్సులు నిర్వహిస్తాయి. పన్నెండో తరగతిలో అడుగుపెట్టిన పిల్లల్ని వెంటబెట్టుకుని, చేతిలో నోటు పుస్తకంతో తల్లిదండ్రులు వస్తారు. ఎక్కువమంది నాలాగే ఇండియాలో చదువుకుని ఇక్కడికి వచ్చినవాళ్లు కాబట్టి, ఈ దేశంలో కాలేజీ సీటు ఏ లెక్కన దొరుకుతుందో వాళ్లకు చెప్పేవాళ్లు వేరే ఎవరూ లేరు. అందుకే ఆ వేదిక మీద పలికే ప్రతి మాటకూ ఎంతో విలువ ఉంటుంది. మా అమ్మాయి కోసం నేను అలాంటి సదస్సులు నాలుగింటికి వెళ్లాను. నాలుగింటిలోనూ తెర మీద దాదాపు ఒకే పట్టిక కనిపించింది. అందులో ఒకవైపు ఎర్లీ డెసిషన్ యాక్సెప్టెన్స్ రేటు (దరఖాస్తు చేసినవారిలో సీటు వచ్చినవారి శాతం), మరోవైపు రెగ్యులర్ డెసిషన్, అంటే మామూలు గడువులో పెట్టే దరఖాస్తుల యాక్సెప్టెన్స్ రేటు ఉన్నాయి. మొదటిది రెండోదానికి మూడింతలు, కొన్నిచోట్ల నాలుగింతలు. "అవకాశం మూడింతలు పెరుగుతుంటే ఎందుకు వదులుకోవాలి, నవంబరు ఒకటికల్లా పెట్టేయండి" అని చెప్పి వక్త తర్వాతి విషయానికి వెళ్లిపోయేవారు. ఆ పట్టికను నమ్మి సంతకం పెట్టిన తల్లుల్లో నేనొకదాన్ని. ఆ పట్టికను మరో తల్లికి అదే తీరులో చూపించవద్దని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఎర్లీ డెసిషన్ అంటే ఏమిటో మీకు తెలుసు, అయినా కొత్తగా చదివేవారి కోసం రెండు మాటలు చెబుతాను. విద్యార్థి ఒకే ఒక్క కాలేజీని ఎంచుకుని సాధారణంగా నవంబరు ఒకటో తేదీకో పదిహేనో తేదీకో దరఖాస్తు చేస్తాడు, డిసెంబరు మధ్యలో ఫలితం వస్తుంది. సీటు వస్తే తప్పక చేరతానని, మిగతా దరఖాస్తులన్నీ ఉపసంహరించుకుంటానని విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ ముందే సంతకం పెడతారు. ఫైనాన్షియల్ ఎయిడ్ (ఫీజు కోసం అందే ఆర్థిక సాయం) చాలక చదువు సాగని పరిస్థితి ఉంటే తప్ప ఆ మాట తప్పడానికి వీల్లేదు. జనవరిలో రెండో విడత కూడా పెట్టే కాలేజీలు చాలా ఉన్నాయి. ఎర్లీ యాక్షన్ అనేది వేరు, దానిలో జవాబు ముందుగా వస్తుంది కానీ చేరి తీరాలన్న కట్టుబాటు ఉండదు. ఈ రెండింటినీ కలిపి "ఎర్లీ" అని ఒకే మాటతో చెప్పడం మన సదస్సుల్లో జరిగే మొదటి పొరపాటు.

ఇక పట్టిక సంగతి. 2024లో చేరిన తరగతికి బ్రౌన్ విశ్వవిద్యాలయం అంకెలు తీసుకుందాం. ఎర్లీ డెసిషన్‌లో 6,244 మంది దరఖాస్తు చేస్తే 898 మందికి సీటు వచ్చింది, అంటే 14.4 శాతం. ఎర్లీ, రెగ్యులర్ రెండూ కలిపి 48,881 దరఖాస్తులకు 2,521 మంది ఎంపికయ్యారు, అంటే సుమారు 5.2 శాతం. ఎర్లీ విడతను తీసేస్తే మిగిలిన 42 వేల పైచిలుకు మందిలో సీటు వచ్చినవారు నాలుగు శాతం కంటే తక్కువే. ఒక్కో తరగతిలో సుమారు 1,700 మంది చేరే ఆ విశ్వవిద్యాలయంలో సగానికి పైగా సీట్లు డిసెంబరులోనే నిండిపోయాయి. ఈ అంకెల్లో తప్పేమీ లేదు. తప్పల్లా వాటిని ఒక తల్లి ముందు పెట్టి, నీ బిడ్డ అవకాశం 4 నుంచి 14కు పెరుగుతుందని చెప్పడంలో ఉంది.

ఎందుకంటే ఆ 14 శాతంలో ఉన్నది ఎవరో పట్టిక చెప్పదు. క్రీడల కోచ్‌లు ముందే ఎంపిక చేసుకున్న ఆటగాళ్లు చాలా కాలేజీల్లో ఈ విడతలోనే దరఖాస్తు చేస్తారు. పూర్వ విద్యార్థుల పిల్లలు, అధ్యాపకుల పిల్లలు, ఆ సంస్థతో ముందునుంచీ అనుబంధం ఉన్నవాళ్లు కూడా ఎక్కువగా ఇక్కడే కనిపిస్తారు. వాళ్లందరినీ తీసి పక్కన పెట్టాక, కోచ్ సిఫారసు లేని, తల్లిదండ్రులు అక్కడ చదవని, లెక్కల్లోనూ కంప్యూటర్ సైన్సులోనూ మంచి మార్కులున్న తెలుగు అమ్మాయికో అబ్బాయికో ఎంత శాతం మిగులుతుందో ఆ అంకె ఎక్కడా అచ్చు కాదు. లాభం అసలే లేదని నేను అనడం లేదు. ఒకే స్థాయి విద్యార్థి ముందుగా దరఖాస్తు చేస్తే కాలేజీ ప్రవేశాల కోసం రాసే ఎస్.ఎ.టి. పరీక్షలో వంద మార్కులు అదనంగా తెచ్చుకున్నంత లాభం ఉంటుందని 2003లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది. అయితే ఆ వంద మార్కులు చదివితే వచ్చేవి కావు. ఫీజు ఎంతో తెలియకుండానే చేరతానని మాట ఇవ్వగలిగే స్తోమతకు దక్కే మార్కులవి.

యాక్సెప్టెన్స్ రేటు తగ్గడం అంటే కాలేజీ గొప్పదవడం అని మనలో చాలామంది అనుకుంటాం, కాబట్టి ఒక ఊహా లెక్క చెబుతాను. వెయ్యి సీట్లున్న కాలేజీకి 20,000 దరఖాస్తులు వచ్చాయనుకోండి. సీటు ఇచ్చిన వందమందిలో నలభై మందే చేరతారని అనుభవం ఉంటే, వెయ్యి సీట్లు నింపడానికి 2,500 మందికి సీటు ఇవ్వాలి. అప్పుడు యాక్సెప్టెన్స్ రేటు 12.5 శాతం. అదే కాలేజీ 500 సీట్లను ఎర్లీ డెసిషన్‌లో ఇస్తే, వాళ్లందరూ మాటకు కట్టుబడి వచ్చేవాళ్లే కనుక 500 మందికి ఇస్తే చాలు. మిగతా 500 సీట్లకు 1,250 మందికి ఇవ్వాలి. మొత్తం 1,750 మంది, యాక్సెప్టెన్స్ రేటు 8.75 శాతం. ఆ కాలేజీలో కొత్త ప్రొఫెసర్ రాలేదు, కొత్త ప్రయోగశాల కట్టలేదు, దరఖాస్తు చేసినవాళ్లూ వాళ్లే. అయినా అంకె మాత్రం 12.5 నుంచి 8.75కు పడిపోయింది. కాలేజీలకు ర్యాంకులిచ్చే యు.ఎస్. న్యూస్ పత్రిక సూత్రం నుంచి, సీటు వచ్చినవారిలో ఎంతమంది చేరారన్న లెక్కను 2003లోనూ, యాక్సెప్టెన్స్ రేటును 2018లోనూ తొలగించారు. అయినా ఆ అంకెల మీద మోజు తగ్గలేదు. ఎంత మంది చేరతారో, ఎంత ఫీజు వస్తుందో డిసెంబరులోనే తెలిసిపోవడం కాలేజీ బడ్జెట్‌కు పెద్ద నిశ్చింత. ఆ నిశ్చింతకు కావలసిన అనిశ్చితిని మాత్రం మన ఇళ్లు భరిస్తున్నాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మాయి నాలుగేళ్ల వయసులో హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీద వచ్చినవారి కుటుంబానికి ఇచ్చేది) మీద టెక్సస్ వచ్చింది. కిండర్‌గార్టెన్ నుంచి హైస్కూలు దాకా ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లోనే చదివింది. మా వారి గ్రీన్ కార్డు వరుస ఎంత పొడవుందో మీలో చాలామందికి స్వానుభవం. అందువల్ల మా అమ్మాయికి ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం రాదు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కొన్ని ఇలాంటి పిల్లల్ని ఇక్కడి విద్యార్థులుగా చూస్తాయి, మరికొన్ని నిన్న విమానం దిగిన విదేశీ విద్యార్థులతో కలిపి లెక్కిస్తాయి. ఈ తేడా సదస్సులో ఎవరూ చెప్పలేదు. మేము ఎంచుకున్న విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఖర్చు అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంది. 2011 నుంచి అలాంటిది ఉంచడం చట్టం ప్రకారం తప్పనిసరి. అందులో మా ఆదాయం నింపితే వచ్చిన అంకె కష్టమైనా మోయగలిగేదిగానే కనిపించింది. అది అమెరికా పౌరులను, గ్రీన్ కార్డు ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని తయారైన అంచనా అని చిన్న అక్షరాల్లో ఉన్న మాట మేము చదవలేదు. సంతకం పెట్టాము.

డిసెంబరులో సీటు వచ్చింది. ఆ సాయంత్రం ఇల్లంతా పండుగ. మా అత్తగారు కరీంనగర్ నుంచి ఫోన్‌లోనే హారతి ఇచ్చారు. రెండు రోజుల తర్వాత వచ్చిన ఎయిడ్ లేఖలో ఏడాదికి మేము కట్టవలసిన మొత్తం, ఆ అంచనా కంటే 19,000 డాలర్లు ఎక్కువ ఉంది. నెలనెలా పెద్దవాళ్ల మందులకు మా వారు పంపే డబ్బు వాళ్ల లెక్కలో ఖర్చు కాలేదు, కానీ కరీంనగర్‌లో మా పేరున ఉన్న ప్లాటు మాత్రం ఆస్తి అయింది. మళ్లీ పరిశీలించమని రాసుకున్నాము. తొమ్మిది రోజుల తర్వాత, ఇదే చివరి మాట, కావాలంటే ఒప్పందం నుంచి విడుదల చేస్తామని మర్యాదగా జవాబు వచ్చింది. అప్పటికి క్రిస్మస్ సెలవులు మొదలయ్యాయి. నాలుగు వందల మందికి పైగా పిల్లల్ని చూసుకునే స్కూలు కౌన్సెలర్ ఊళ్లో లేరు. రెగ్యులర్ దరఖాస్తుల గడువు జనవరి మొదటి వారం. పది రోజుల్లో ఎనిమిది కాలేజీలకు వ్యాసాలు రాస్తూ మా అమ్మాయి ఒక రాత్రి అడిగింది: "అమ్మా, నేను మాట తప్పినదాన్నా?" పదిహేడేళ్ల బిడ్డ ఆ ప్రశ్న అడగవలసిన అవసరం ఎందుకు రావాలో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

అక్టోబరులో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి పెట్టిన దరఖాస్తును ఉపసంహరించుకునే ముందు ఎయిడ్ లేఖ కోసం ఆగడమే మమ్మల్ని కాపాడింది. ఇప్పుడు అక్కడే చక్కగా చదువుకుంటోంది, ఆ విషయంలో నాకు ఏ లోటూ లేదు. టెక్సస్‌లో 1997 నుంచి ఒక చట్టం ఉంది. తమ హైస్కూలు తరగతిలో మొదటి పది శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఖాయం. ఆస్టిన్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పోటీ ఎక్కువ కనుక ఆ హద్దును ఆరు శాతానికి, 2026లో చేరేవారికి అయిదు శాతానికి కుదించారు. అది పరిపూర్ణమైన పద్ధతి అని అనను, కోరిన బ్రాంచి దొరుకుతుందన్న హామీ కూడా అందులో లేదు. అయినా నియమం ఏమిటో తొమ్మిదో తరగతి నుంచీ పిల్లకు తెలుసు, తండ్రి జీతంతో దానికి పని లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఎర్లీ అనే విడతే లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి. ముందుగా జవాబు చెబుతాయి కానీ చేరి తీరాలని కట్టిపడేయవు. కట్టుబాటు లేకపోతే తరగతి నిండదన్న వాదన అంత పేరున్న సంస్థల నోట చెల్లదు.

మన రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ చూసినవాళ్లకు నా బాధ ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా అని, మేనేజ్‌మెంట్ కోటా అని రెండున్నాయి. కన్వీనర్ కోటాలో ర్యాంకు వచ్చిన పిల్లవాడు ఎన్ని కాలేజీలకైనా వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటాడు, ఏ కాలేజీ ఫీజు ఎంతో ముందే చూసుకుంటాడు, తనకిష్టమైన వరుస తానే రాసుకుంటాడు. మేనేజ్‌మెంట్ కోటా డబ్బున్నవాళ్లదని అందరికీ తెలుసు, దానికి ఆ పేరే ఉంది. ఎర్లీ డెసిషన్‌లో చేరే పిల్లలు ప్రతిభావంతులే, వాళ్లను నేను తక్కువ చేయను. కానీ డబ్బు గురించి అడగనవసరం లేనివాళ్లకు సగం సీట్లు ముందే తెరిచి, మిగతా సగానికి మిగతా లోకమంతా పోటీపడే ఏర్పాటుకు ప్రతిభ అన్న పేరు పెట్టడం నాకు మింగుడు పడదు. ఎస్.ఎ.టి.లోనో, అలాంటిదే అయిన ఎ.సి.టి.లోనో ఒకే రకమైన మార్కులున్న పిల్లల్లో, ఆదాయంలో పై ఒక్క శాతం కుటుంబాల పిల్లలు మధ్యతరగతి పిల్లల కంటే రెట్టింపునకు పైగా హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ స్థాయి కాలేజీల్లో చేరుతున్నారని 2023లో హార్వర్డ్, బ్రౌన్ ఆర్థికవేత్తలు లెక్కగట్టి చెప్పారు. ఆ తేడాకు కారణాలు చాలా ఉన్నాయి, అయితే ఫీజు తెలియకముందే సంతకం అడిగే ఈ పద్ధతి అదే దిక్కుకు నెడుతోందనడంలో నాకు సందేహం లేదు.

విశ్వవిద్యాలయాలకు ఈ సంగతి తెలియక కాదు. 2002లో యేల్, స్టాన్‌ఫర్డ్ ఈ కట్టుబాటును వదిలేశాయి. 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, వర్జీనియా విశ్వవిద్యాలయం ముందస్తు ప్రవేశాలనే పూర్తిగా ఎత్తేస్తున్నట్టు ప్రకటించాయి. ఇవి అప్పటికే అన్నీ ఉన్నవారికే మేలు చేస్తున్నాయని హార్వర్డ్ తాత్కాలిక అధ్యక్షుడు డెరెక్ బోక్ అప్పుడు బాహాటంగా చెప్పారు. ఇతరులు వెంట నడవలేదు. 2011లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్ కట్టుబాటు లేని ముందస్తు విడతను తిరిగి తెచ్చాయి. వర్జీనియా 2019లో ఎర్లీ డెసిషన్‌నే వెనక్కి తెచ్చుకుంది. ఒంటరిగా మానేసిన కాలేజీ మంచి విద్యార్థుల్ని పోగొట్టుకుంటానని భయపడుతుంది, అందరూ కలిసి మానేద్దామంటే పోటీ చట్టాలు అడ్డొస్తాయని కాలేజీల పెద్దలే అంటారు. 2023లో వర్జీనియా టెక్ ఎర్లీ డెసిషన్‌ను ఎత్తేసింది. 2025లో మిషిగన్ విశ్వవిద్యాలయం, అంతటి పెద్ద ప్రభుత్వ సంస్థ, కొత్తగా ప్రవేశపెట్టింది. అదే ఏడాది ఆగస్టులో, ఈ పద్ధతి పోటీని అణచి ఫీజులు పెంచుతోందంటూ మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో 32 కాలేజీల మీద దావా పడింది. న్యూయార్క్‌లోనూ మసాచుసెట్స్‌లోనూ శాసనసభ్యులు దీని మీద బిల్లులు తెచ్చారు. లోపలివాళ్లు తమంతట తాము మారలేనప్పుడు బయటి ఒత్తిడి కావాలి. ఈ కాలేజీలకు ఏటా వేల సంఖ్యలో పిల్లల్ని పంపే మన సమాజం నుంచి ఆ గొంతు ఇప్పటివరకు వినిపించలేదు. ఆ పట్టికను చూపించే గొంతు మాత్రమే వినిపించింది.

అందుకని మిమ్మల్ని కొన్ని పనులు కోరుతున్నాను. ముందుగా సదస్సుల సంగతి. నేను వెళ్లిన నాలుగింటిలో మూడింటికి ప్రైవేటు కౌన్సెలింగ్ సంస్థలే ఖర్చు పెట్టాయి, వాటి ప్రతినిధులే వక్తలు. వాళ్ల వృత్తిని నేను తప్పుపట్టను. అయితే డిసెంబరులోనే ఫలితం చూపించుకోవడం వాళ్లకు లాభం కాబట్టి, వేదిక మీద ఆ సంబంధాన్ని బయటపెట్టి, పక్కనే ఫైనాన్షియల్ ఎయిడ్ తెలిసిన, ఏ ఫీజూ తీసుకోని మరో మనిషిని కూర్చోబెట్టండి. పట్టిక చూపించండి, కాదనను. దాని పక్కన ఆ ఒప్పందం పూర్తి పాఠాన్ని కూడా తెర మీద పెట్టి వాక్యం వాక్యం చదివించండి. వీసా మీద ఉన్న పిల్లల్ని ఏ విశ్వవిద్యాలయం ఏ వర్గంలో లెక్కిస్తుందో సంతకానికి ముందే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమని చెప్పండి. ప్రవేశం నిర్ణయించేటప్పుడు కుటుంబ స్తోమతను చూడని కాలేజీలు కూడా విదేశీ విద్యార్థుల విషయంలో చూడవచ్చు. ఆ ఒక్క విషయం తెలియక నష్టపోతున్న హెచ్-4 కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి.

రెండోది మీ అందరి పేరున ఒక ఉమ్మడి లేఖ. ఎర్లీ డెసిషన్ దరఖాస్తులు, ఎంపికల సంఖ్యను చాలా కాలేజీలు కామన్ డేటా సెట్ (కాలేజీలు ఒకే నమూనాలో ప్రకటించే వివరాల పత్రం)లోని సి21 అనే అంశం కింద ఇస్తున్నాయి. ఆ అంకెలను అక్కడితో ఆపకుండా, ఎంపికైనవారిలో ఎంతమంది క్రీడల కోసం వచ్చారు, ఎంతమందికి ఎయిడ్ అందింది, ఎంతమంది పౌరులు కారు అన్నది కూడా ప్రకటించాలని అడగండి. ఈ పద్ధతిని మానేయమని అడగండి. వెంటనే మానలేమంటే, కట్టుబాటు మొదలు కావడానికి ముందే ఖచ్చితమైన ఎయిడ్ లేఖ ఇవ్వమని, ఇతర కాలేజీల ఎయిడ్‌తో పోల్చి చూసుకోవడానికి మామూలు దరఖాస్తుదారులకు ఉన్నట్టు మే ఒకటి దాకా కాకపోయినా కనీసం కొన్ని వారాల గడువైనా ఇవ్వమని అడగండి. ఈ కాలేజీలకు లక్షల డాలర్ల విరాళాలిచ్చిన తెలుగువారు మీ సంఘాల్లోనే ఉన్నారు. వారి సంతకాలు ఆ లేఖ కింద ఉంటే డీన్ల గదిలో దాన్ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. రాష్ట్ర శాసనసభ్యులను మన ఉగాది వేడుకలకు, దీపావళికి పిలిచి శాలువా కప్పుతున్నాం. ఆ రోజున ఈ విషయం మీద పది నిమిషాలు అడగండి.

మా ఎయిడ్ లేఖ, క్యాలిక్యులేటర్ ఇచ్చిన అంచనా, మేము రాసుకున్న అప్పీలు, దానికి వచ్చిన జవాబు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మా పేర్లూ ఆ విశ్వవిద్యాలయం పేరూ తీసేసి, వాటిని వచ్చే సదస్సులో తెర మీద చూపించడానికి మీకు పంపగలను. డాలస్ పరిసరాల్లో ఎక్కడ సదస్సు పెట్టినా, నవంబరు ఒకటి లోపల ఏ శని ఆదివారమైనా వచ్చి, ఆ కాగితాలను పక్కన పెట్టుకుని తల్లిదండ్రులతో కూర్చుంటాను. ఏ తారీఖు వీలవుతుందో తెలియజేయండి.

ఇట్లు,
ఇర్వింగ్, టెక్సస్ నుంచి ఒక తల్లి